కొండ మీది మంచం

పోయిన వారం నన్ను నేనే డింప్నా టాల్టీ గుమ్మం ముందు వానలో నిలబెట్టి, తలుపు తట్టించి, అక్కడే వదిలేశాను. తడిసింది మీరు కాదు కాబట్టి మీకు వారం హాయిగానే గడిచి ఉంటుంది. ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళకు నాలుగు ముక్కల్లో సంగతి చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నేను బ్రీడా కన్సిడైన్‌ని. డెబ్బై ఎనిమిదేళ్ళదాన్ని, బట్టల కొట్టు కన్సిడైన్ గారి భార్యని, ఆయన పోయి పదేళ్ళు. ఐర్లండు పడమటి తీరంలో ఈ చిన్న ఊళ్ళో నన్ను ఎరగనివాళ్ళు లేరు, నేనెవరో తెలిసినవాళ్ళూ లేరు. ఇక్కడికి పన్నెండు మైళ్ళ దూరంలో, కొండ మీద, కన్యాస్త్రీలు నడిపిన పిల్లల బడి ఒకటుండేది. అయిదో ఏట నుంచి పదహారో ఏట దాకా నేను పెరిగింది అందులోనే. పెరిగాను అంటున్నాను గానీ, గోడ పగుల్లో గడ్డి కూడా పెరుగుతుంది. లండనులో నన్ను చేసుకున్న మనిషికి లివర్‌పూల్‌లో పిన్ని దగ్గర పెరిగానని చెప్పాను. ఆయన నమ్మాడు, ఆ నమ్మకంతోనే పోయాడు.

మూడు నెలల కిందట నా తుంటి విరిగింది. ఒంటరిగా ఉండడానికి వీల్లేదని ఆరోగ్య శాఖవాళ్ళు తేల్చారు. మా అమ్మాయి గ్రానియాకి కార్క్‌లో ఉద్యోగం, ముగ్గురు పిల్లలు, అది వచ్చి నన్ను చూసుకోలేదు. జిల్లాలో ఖాళీ ఉన్న వృద్ధాశ్రమం ఒక్కటే, అది కొండ మీద ఉంది. అవును, ఆ కొండే, ఆ కట్టడమే. కిటికీలు మార్చి, గోడలకు లేత పసుపు రంగు వేసి, ఒకప్పుడు పిల్లల్ని ఉంచిన చోట ఇప్పుడు ముసలివాళ్ళను ఉంచుతున్నారు. సోమవారం నుంచి నాకక్కడ ఒక మంచం ఇచ్చారు.

తప్పించుకునే దారి ఒకటే ఉంది. అలాంటి బళ్ళలో నలిగిన పిల్లలకు ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. అందులో భాగంగా, బతికున్నన్నాళ్ళూ సొంత ఇంట్లోనే ఉండేలా రోజూ ఒక మనిషిని పంపుతారు. దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం మళ్ళీ ఒక సందు తెరిచారు, ఈ శుక్రవారం సాయంత్రం దాన్నీ మూసేస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే, అయినా పట్టుకోక తప్పదు. నాకు రుజువు కావాలి. బడి పుస్తకాల్లో నా పేరే లేదు. నేను వెళ్ళేసరికి అక్కడ అప్పటికే ఒక బ్రీడా ఉందని నాకు కన్సెప్టా అని పేరు పెట్టారు. ఆ కన్సెప్టాని నేనేనని చెప్పగలిగినవాళ్ళలో, నాతో పాటే అక్కడ పెరిగిన డింప్నా ఒక్కతే మిగిలింది. ఆ డింప్నానే ఇరవై ఏళ్ళ కిందట నేను పత్రికకెక్కి అబద్ధాలకోరు అన్నాను.

తలుపు తెరుచుకుంది.

"రండి మిసెస్ కన్సిడైన్," అంది డింప్నా. "మీరు నా గుమ్మంలో పడి పోయారంటే ఆ నింద కూడా నాకే చుట్టుకుంటుంది."

వంటింట్లో కూర్చోబెట్టింది. డెబ్బై అయిదేళ్ళది, పిట్టంత మనిషి. పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది, బల్ల మీద అప్పుడే కోసిన సోడా రొట్టె ఉంది. తనకొక కప్పు పోసుకుని నా ఎదురుగా కూర్చుంది. నాకు పోయలేదు. మా వైపు బద్ధశత్రువు వచ్చినా ముందు టీ పోసి ఆ తర్వాతే తిడతారు. ఈ ఊరికి వచ్చిన యాభై ఏళ్ళలో నాకు టీ ఇవ్వని ఇల్లు ఇదే. నేను కర్ర ఒళ్ళో పెట్టుకుని, అడుక్కోవడానికి వచ్చినదాన్ని కాబట్టి, ఆ అవమానాన్నే తాగుతూ కూర్చున్నాను.

"మీ ఉత్తరం నాకింకా నోటికొచ్చు," అంది. "చెప్పనా?"

"వద్దు డింప్నా."

"'ఆ సిస్టర్లను నేను దగ్గరగా ఎరుగుదును. ఏ పిల్ల మీదా వారు చెయ్యెత్తిన పాపాన పోలేదు. డబ్బుకు ఆశపడి పుణ్యాత్ముల పరువు తీస్తున్న వారిని దేవుడే క్షమించాలి.' కింద మీ పేరు. దాని కింద, చర్చి పూల సంఘం అధ్యక్షురాలు." ఒక గుక్క తాగింది. "దగ్గరగా ఎరుగుదును అన్నారు చూడండి, అదొక్కటీ నిజం."

నేను తల వంచుకున్నాను. ఆ ఉత్తరం నాతో ఎవరూ బలవంతాన రాయించలేదు. డింప్నా జిల్లా రేడియోలో కొండ మీది బడి గురించి మాట్లాడిన వారం ఊరంతా ఉడికిపోయింది. పూల సంఘం ఆడవాళ్ళు పత్రికకు రాయాలన్నారు. ఎవరు రాస్తారంటే అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నా వైపు చూడకముందే నన్ను నేను కడుక్కున్నాను. మూడు చిత్తుప్రతులు రాశాను. పుణ్యాత్ములు అన్న మాట దొరకడానికి ఒక పూట పట్టింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

"నువ్వు జవాబెందుకు రాయలేదు?" అని అడిగాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్న మాట అది, అనకుండా ఉండాల్సిన మాట.

డింప్నా నవ్వింది. "రాయకపోవడమేం. రాసి లాయరు దగ్గరికి పట్టుకెళ్ళాను. మీ ఉత్తరం అచ్చవడానికి నాలుగు రోజుల ముందే నేను పరిహారం కాగితం మీద సంతకం పెట్టాను. అందులో చిన్న అక్షరాల్లో ఒక షరతుంది. ఇచ్చింది పుచ్చుకోవాలి, ఇచ్చారని గానీ, ఎందుకిచ్చారని గానీ ఎక్కడా నోరెత్తకూడదు. ఎత్తితే నేరం. మీరు అబద్ధం రాస్తే పత్రికలో వేస్తారు, నేను నిజం రాస్తే జైల్లో వేస్తారు. నన్ను కొట్టింది సిస్టర్లు, అబద్ధాలకోరన్నది మీరు, నోటికి తాళం వేసింది ప్రభుత్వం. ముగ్గురూ మర్యాదస్తులే."

నాకా సంగతి తెలీదు. తెలిసుంటే ఏం చేసేదానివని అడక్కండి. ఎలాగూ జవాబు రాదని ఇంకో రెండు వాక్యాలు ధైర్యంగా రాసేదాన్నేమో.

"తర్వాత మాంసం కొట్టాయన నాతో మాట మానేశాడు," అంది, వేరే ఎవరి కథో చెబుతున్నట్టు. "మాంసం ఇచ్చేవాడు లెండి. పొట్లం బల్ల మీద పెట్టి అటు తిరిగేవాడు. చర్చిలో నా బెంచీ మీద ఎవరూ కూర్చునేవారు కాదు. కోటు పెట్టుకోవడానికి చోటు బాగా దొరికేది."

"నన్ను క్షమించు డింప్నా."

"దానికి పాపాలు వినే ఫాదర్ ఉన్నాడు, శనివారం సాయంత్రం వెళ్ళండి. ఇక్కడికెందుకొచ్చారో చెప్పండి."

చెప్పాను. తుంటి, మంచం, సోమవారం, శుక్రవారం, అన్నీ చెప్పాను. కొండ అన్నప్పుడు డింప్నా కప్పు కింద పెట్టింది.

"అంటే కన్సెప్టా మీరేనని నేను రాయాలి."

"నీకు నమ్మకం కుదరాలంటే ఏం కావాలన్నా అడుగు. పడగ్గదిలో మంచాల వరస చెబుతాను. సిస్టర్ల పేర్లు చెబుతాను."

"అక్కర్లేదు. పదిహేడేళ్ళ నుంచీ తెలుసు నాకు."

"ఎలా తెలుసు?" అన్నాను.

"నవదిన ప్రార్థనల్లో మీ పక్కనున్న ముసలామె జపమాల తెగింది, గుర్తుందా? గింజలు బెంచీ కిందంతా దొర్లాయి. మీరు ఏరి, తీగ అందుకుని, ఫాదర్ వైపు చూస్తూనే కట్టేశారు. చేతుల వైపు ఒక్కసారి చూడలేదు. తీగ కొస రెండు చుట్లు తిప్పి, బొటనవేలి గోటితో లోపలికి నొక్కారు. అలా నొక్కడం మనకి ఎవరు నేర్పారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను మీ వెనక బెంచీలో ఉన్నాను."

బడిలో మా పని అదే. చదువు పేరుకి, పని జపమాలలు కట్టడం. పది గింజలు ఒక వరస, మనిషికి రోజుకు అరవై వరసలు. తీగ కోసి వేళ్ళు ఎప్పుడూ పుండ్లుగానే ఉండేవి. అరవైకి ఒకటి తగ్గినా శిక్ష. ఈ జిల్లాలో శవాల చేతులకు చుట్టి పాతిపెట్టిన జపమాలల్లో సగం మా వేళ్ళు కట్టినవే అయ్యుంటాయి. మొగుడి దగ్గర, కూతురి దగ్గర, ఊరి దగ్గర ఇన్నేళ్ళు దాచుకొచ్చినదాన్ని, ఒక ముసలామెకు సాయం చేయబోయి దొరికిపోయాను.

"మరి ఊళ్ళో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పొచ్చు. నా సంగతి చెప్పకూడదు గానీ, నీ సంగతి చెప్పడానికి నాకే సంతకమూ అడ్డం లేదు." అక్కడితో మిసెస్ కన్సిడైన్ గారు వెళ్ళిపోయారు, మీరు పోయి నువ్వు వచ్చింది. "పూల సంఘం అధ్యక్షురాలు కొండ మీది పిల్లేనని మాంసం కొట్లో ఒక్క మాట అంటే చాలు, సాయంత్రానికి నువ్వు పరదాలు దించుకుని కూర్చునేదానివి. ఎన్నోసార్లు నాలిక చివరిదాకా వచ్చింది. మనలో ఒకర్ని ఒకరం పట్టివ్వకూడదని అక్కడ ఒట్టేసుకున్నాం కదా కన్సెప్టా. నువ్వు తప్పావు, నేను తప్పలేదు. అంతే."

దెబ్బలు నాకు కొత్త కాదు. ఇంతగా తగిలిన దెబ్బ మాత్రం గుర్తు లేదు. అరవై ఏళ్ళ తర్వాత ఆ పేరుతో నన్నొకరు పిలిచారు, నేను పలికాను కూడా.

డింప్నా లేచి అలమర మీది నుంచి ఒక కవరు తెచ్చింది. "నీ సాక్ష్యం రాస్తాను. ఇవాళే రాస్తాను. ముందు నువ్వు నాకొకటి రాయాలి. ఊనా గుర్తుందా?"

ఊనా డింప్నా చెల్లెలు. జపమాలల బల్ల దగ్గర నా పక్కనే కూర్చునేది. దానికి ఏడేళ్ళు, నాకప్పుడు పదమూడు. ఒక నవంబరు సాయంత్రం దాన్ని వెనక మెట్ల మీద చలిలో నిలబెట్టారు. తెల్లారి ఎత్తుకుపోయారు. రెండు రోజులకు సిస్టర్ వచ్చి, ఊనా పోయింది, ప్రార్థన చెయ్యండి అంది. పోయిందంటే చచ్చిపోయిందనే మేమనుకున్నాం. మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థన చేశాం. మా చర్చిలో ప్రతి నవంబరులో చనిపోయినవాళ్ళ పేర్లు రాసి పెట్టెలో వేస్తారు. నేను మావారి పేరు రాసి, దాని కింద ఒక గీత ఖాళీగా వదిలి వేస్తాను. ఆ ఖాళీ ఊనాది.

"చనిపోయింది కదా," అన్నాను.

"చావలేదు. జ్వరం తలకెక్కింది. చెవులు పోయాయి, మాట పోయింది, బుద్ధి అక్కడే ఆగిపోయింది. పిచ్చాసుపత్రిలో పడేశారు. నలభై ఏళ్ళకి వెతగ్గా వెతగ్గా నాకు దొరికింది. దాన్నలా చూశాకే నేను రేడియోకి వెళ్ళాను. నువ్వు డబ్బాశ అన్నావే, ఆ డబ్బాశ అదే. ఆ ఆసుపత్రి మూసేశారు. ఇప్పుడు కొండ మీద ఉంది."

"ఏ కొండ?" అన్నాను, ఇంకో కొండ ఏదో ఉన్నట్టు.

"నాలుగేళ్ళయింది. నేనేం చెయ్యను? దాన్ని ఎత్తలేను, దించలేను, పెట్టడానికి ఇంకో చోటు లేదు. మొదటిసారి పరిహారం ఇచ్చినప్పుడు దాని తరఫున అడిగే హక్కు నాకు లేదన్నారు. ఆ హక్కు కాగితం తెచ్చేసరికి గడువైపోయిందన్నారు. ఇప్పుడు మళ్ళీ తెరిస్తే పెట్టాను. ఇదిగో, తిప్పి పంపారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. చదువు."

చదివాను. చక్కటి మర్యాద గల భాష. దరఖాస్తుదారు పుట్టుకతోనే మందబుద్ధి అని బడి పుస్తకంలో నమోదై ఉన్నదనీ, సంస్థలో జరిగిన హాని వల్లనే ఈ స్థితి కలిగిందనడానికి ప్రత్యక్ష సాక్షి లేరనీ, విచారిస్తున్నామనీ ఉంది. కింద, సాక్షి దొరికితే శుక్రవారంలోగా పంపవచ్చని ఒక వాక్యం.

"మందబుద్ధట," అంది డింప్నా. "బల్ల మొత్తం మీద దాని వేళ్ళే చురుకు. ఆ వారం నేను ఎర్ర జ్వరంతో రోగుల గదిలో ఉన్నాను, ఏమీ చూళ్ళేదు. చూసినవాళ్ళలో నువ్వే మిగిలావు. నువ్వు చూసింది రాసిస్తే రోజూ మనిషిని పంపుతారు, నా చెల్లెల్ని ఈ ఇంటికి తెచ్చుకుంటాను. ఆ పక్క గదిలో మంచం వేసి ఉంచాను. నీ కాగితానికి నా సంతకం, దాని కాగితానికి నీ సంతకం."

"రాస్తాను," అన్నాను వెంటనే. "మంచు వాన పడుతోంది. పల్చటి లోపలి గౌను, కాళ్ళకు జోళ్ళు లేవు. సాయంత్రం గంట కొట్టినప్పుడు బయటికి నెట్టి గడియ పెట్టారు. అప్పటిదాకా ఒంట్లో ఏ రోగమూ లేదు దానికి. అన్నీ రాస్తాను."

"ఎందుకు నెట్టారో కూడా రాయాలి."

"వరసలు తగ్గాయి."

"ఎందుకు తగ్గాయి?"

నేను ఆ ఉత్తరాన్ని పాత మడతల మీదే మడిచి కవర్లో పెట్టాను.

"అదే నాకు అంతుపట్టదు," అంది. "ఊనా ఏనాడూ అరవై తప్పలేదు. తనవి అయిపోయాక నావి కూడా నాలుగు కట్టి పెట్టేది. దానికి లెక్క తగ్గిందంటే వాళ్ళూ నమ్మరు, నేనూ నమ్మను. కారణం లేకుండా రాస్తే మళ్ళీ తిప్పి కొడతారు. నువ్వు పక్కనే ఉన్నావు, చూసే ఉంటావు."

కారణం ఆమె ఎదురుగా, తడి కోటుతో కూర్చుని ఉంది. ఆ సాయంత్రం నాకు ఆరు వరసలు తగ్గాయి. ఊనా లేచి పెరట్లోకి వెళ్ళింది. దాని కుప్పలోంచి ఆరు తీసి నా కుప్పలో కలుపుకున్నాను. సిస్టర్ లెక్కపెట్టి, నాకు అరవై అంది, దానికి యాభై నాలుగు అంది. ఊనా నా వైపు చూసింది. దానికి తెలుసు. పట్టివ్వకూడదన్న ఒట్టు ఉంది కదా, ఆ ఒట్టు ఏడేళ్ళ పిల్ల నిలబెట్టుకుంది.

ఇది రాయకపోతే ఊనా కాగితం నిలబడదు. రాస్తే నాది నిలబడదు. ఇంకో పిల్లకు హాని చేసినట్టు తేలితే దరఖాస్తు పక్కన పడేస్తారని నా లాయరమ్మ మొదటి రోజే చెప్పింది. అప్పుడు సోమవారం పొద్దున్నే గ్రానియా కారు తెస్తుంది, నా పెట్టె ఎత్తుతుంది, నేను ఆ గేటులోంచి మళ్ళీ లోపలికి పోతాను, ఈసారి పదహారేళ్ళు నిండాయని ఎవరూ బయటికి పంపరు. అబద్ధం ఒకటి అల్లలేనా అని ఆలోచించాను. దాచడం ఏమిటి, ఆలోచించాను. పిల్లకు ఒంట్లో బాగోలేదు, అందుకే తగ్గాయి అని రాస్తే? అప్పుడు రోగం ముందే ఉందంటారు. ఎటు తిప్పినా ఆరు వరసలు నా కుప్పలోనే తేలుతున్నాయి.

డింప్నా కెటిల్ ఎత్తి, రెండో కప్పు తీసి, అందులో పోసి నా ముందుకు తోసింది. తోశాక అంది: "ఇంకోటి కూడా అడగాలి నిన్ను. ఇది కాగితం కోసం కాదు."

"అడుగు."

"దానికి మాట పోయిందన్నాను కదా. ఒక్క మాట మిగిలింది. చీకటి పడే వేళకి లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడుతుంది. నర్సులు లాగినా రాదు. తలుపు కొడుతూ ఒకటే పేరు పిలుస్తుంది. అమ్మ పేరేమో అనుకున్నాను, కాదు. నాదీ కాదు. నీ పేరు. కన్సెప్టా, కన్సెప్టా అని. పాతికేళ్ళుగా వింటున్నాను. ముందు ఆసుపత్రిలో, ఇప్పుడు కొండ మీద." ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు భరించరానిదైంది. "రక్తం పంచుకున్నదాన్ని నేను. నన్ను ఒక్కసారీ పిలవలేదు."

మీకు చెబుతాను, ఆమెకు చెప్పే ధైర్యం చాలక ముందు మీకు చెబుతున్నాను. ఆ సాయంత్రం బయటికి నెట్టేముందు ఊనా ఏడుపు ఎత్తుకోబోయింది. ఏడిస్తే నా సంగతి బయటపడుతుందని భయపడి, నేను దాని చెవిలో అన్నాను: ఏడవకు, సిస్టర్ ప్రార్థనకి వెళ్ళగానే నేనొచ్చి తలుపు తీస్తాను. అది నమ్మి నోరు మూసుకుంది. సిస్టర్ ప్రార్థనకి వెళ్ళింది. గడియ నాకు అందేది. పైన పడగ్గదిలో నాకు వినబడుతూనే ఉంది, చాలాసేపు తలుపు కొట్టింది. నేను దుప్పటి చెవుల మీదికి లాక్కున్నాను.

"చెప్పు," అంది డింప్నా. "దానికి నువ్వేమవుతావు?"